సిమెంటు కొంగ నోటి ధార

తెనాలిలో మా అత్తవారింటి వాకిట్లో ఒక సిమెంటు కొంగ ఉండేది. దాని నోట్లోంచి నీళ్లు ధారగా పడితే కింద తొట్టిలో చేపలు బతికేవి, పడకపోతే చచ్చేవి. నా ఉద్యోగం కూడా ఆ కొంగ గొంతులోనే ఇరుక్కుపోయిందని చెబితే మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వుకోనీ. నాకు మాత్రం ఇన్నేళ్లయినా నవ్వు రావడం లేదు.

తొట్టి కట్టించింది మా బావగారు, అంటే మా ఆయనకి అన్నయ్య. తొంభైల మొదట్లో నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులు వేసి కలిసొచ్చిన వాళ్లలో ఆయనొకరు. కలిసొచ్చిన వాళ్లు ఊరుకుంటారా, తలా ఒకటి కొన్నారు. కొందరు కార్లు కొన్నారు, కొందరు మేడలు లేపారు. ఈయన మద్రాసు వెళ్లి, ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు పోసి గాలి నింపి కట్టిన రంగు చేపలని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలవి కొన్ని, పసుపువి కొన్ని, నల్లవి కొన్ని. జపాను చేపలని, కోయి అంటారని బావగారు చెప్పారు. నేను జువాలజీ చదివినదాన్ని కదా, ఊరుకోలేక, ఇవి మన చెరువుల్లో పెరిగే బంగారు తీగకి చుట్టాలేనండి, రంగు ఒక్కటే తేడా అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. అత్తగారు మాత్రం తొట్టిలోకి వంగి చూసి, "పులుసుకి కూడా పనికిరాని చేపలకి ఇంత వైభోగం ఏంటే అమ్మాయ్" అన్నారు.

బావగారి కాపురం రేపల్లెలో. తొట్టి మాత్రం తెనాలిలో తండ్రి ఇంటి ముందు కట్టించారు. ఎందుకంటే మా మామగారు మిషన్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక మా లూథరన్ గుడి నుంచి సగం మంది మా ఇంటి మీదుగానే వెళ్లేవారు. వెళ్తూ వెళ్తూ మామగారికి వందనాలు చెప్పి, కాఫీ తాగి పోయేవారు. వాళ్లంతా చూడాలి. చూడకపోతే ఆ చేపలు తెచ్చీ ఉపయోగం లేదు.

తొట్టి పక్కన క్రోటన్ మొక్కల చాటున ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉండేది. దాని మూతకి ఇనప పట్టీ బిగించి ఉండేది. డ్రమ్ములో అడుగున కంకర, దాని మీద ఇసుక, ఆ పైన కొబ్బరి పీచు. తొట్టి అడుగున మునిగి ఉండే మోటారు నీళ్లని డ్రమ్ములోకి పైనుంచి తోస్తుంది. ఆ నీళ్లు పీచులోంచి, ఇసుకలోంచి కిందికి దిగి, అడుగున ఉన్న గొట్టం గుండా కొంగ మెడలోకి ఎక్కి, నోట్లోంచి మళ్లీ తొట్టిలో పడతాయి. చేపల మలమూ, తిని వదిలేసిన మేతా డ్రమ్ములోనే ఆగిపోతాయి. బావగారు మద్రాసులో ఎవరింట్లోనో చూసొచ్చి చేయించిన ఫిల్టరు అది.

చలికాలమంతా నీళ్లు బాగానే పడ్డాయి. ఎండలు ముదిరేసరికి ధార సన్నబడింది. తర్వాత్తర్వాత కొంగకి చొంగ కారుతున్నట్టు కారేవి. పొద్దున్నే లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతుండేవి. ఒకరోజు ఎర్ర మచ్చల పెద్ద చేప వెల్లకిలా తేలింది. కబురు తెలిసి బావగారు రేపల్లె నుంచి దిగారు. అత్తగారితో సహా అందరినీ వాకిట్లో నిలబెట్టి, "ఇంతమంది ఉండి ఒక్క చేపని కాపాడలేకపోయారా? అసలేం చేస్తుంటారు మీరంతా?" అని కేకలేశారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. మనిషి పోయినా ఆ ఇంట్లో అంత రభస జరిగేది కాదేమో.

మోటారు మెకానిక్కు వచ్చి వోల్టేజి చాలడం లేదన్నాడు. బావగారు ఇంకా పెద్ద మోటారు పంపించారు. దాంతో కొన్నాళ్లు ధార పడి, మళ్లీ మామూలే. గుడి పెద్ద ఒకాయన గొట్టంలో గాలి చేరిందన్నారు. పక్కింటావిడ దిష్టి తగిలిందని, క్రైస్తవులం కాబట్టి ఆ మాట అనకూడదని, అయినా తగిలిందని చెప్పి వెళ్లింది. మా ఆయన పొద్దున టిఫిన్ తిని, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు కొంగ ముందు నిలబడి, "ఎక్కడో ఏదో ఉంది" అని చెప్పి బ్యాంకుకి వెళ్లిపోయేవారు. ఆయన మంచివారే. ఆయన్ని గురించి అందరూ అదే చెబుతారు, నేనూ అదే చెబుతాను. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్న రేపల్లె నుంచి వచ్చాడు.

నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన రేపల్లెలో గుమాస్తాగా చేసేవాడు. ఎనభైల మొదట్లో నన్ను బాపట్ల కాలేజీలో డిగ్రీకి వేస్తానంటే మా వాళ్లంతా అడ్డం పడ్డారు. టీచరు ట్రైనింగు చేయిస్తే సరిపోయేదానికి కప్పల్నీ చేపల్నీ కోసే చదువు ఆడపిల్లకి దేనికని పెదనాన్న గొడవపెట్టుకున్నాడు. నాన్న అన్నగారితో మాటలు మానేశాడు కాని మాట మార్చుకోలేదు. నా ట్రంకుపెట్టె తనే భుజాన పెట్టుకుని హాస్టలు మెట్లెక్కాడు. దిగేటప్పుడు, "నీ కాళ్ల మీద నువ్వు నిలబడేదాకా ఇంటి మొహం చూడమాక" అని, అని నోరు మూసుకోక ముందే ఏడ్చేశాడు. అలాంటి మనిషి. లాబ్‌లో ఫార్మలిన్ వాసనకి మొదట్లో నా కళ్లు మండిపోయేవి. చివరికి సెలవులకి ఇంటికొస్తే ఆ వాసన లేక తోచేది కాదు. ఆ తర్వాత ఎమ్మెస్సీ కూడా చదివించాడు. చదువు అయిందో లేదో తెనాలి సంబంధం వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది. పుస్తకాలన్నీ అదే ట్రంకుపెట్టెలో మంచం కిందికి వెళ్లాయి.

ఆ రోజు నాన్న చెప్పులు విప్పకుండానే చెప్పాడు. బాపట్లలో నేను చదివిన కాలేజీలోనే జువాలజీ చెప్పడానికి మనిషి కావాలట. మా పాత మేడం నన్ను గుర్తుపెట్టుకుని, ప్రిన్సిపాలుకి నా పేరు చెప్పిందట. జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి వెళ్లి చేరితే చాలట. తెనాలి నుంచి పొద్దున రైలెక్కితే నిడుబ్రోలు మీదుగా బాపట్ల ఎంతసేపు, సాయంత్రానికి మళ్లీ ఇంట్లో ఉండొచ్చు. నాన్న ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, అప్పుడు మంచినీళ్లడిగాడు. నేను నీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లి అక్కడే కాసేపు గోడకానుకుని నిలబడ్డాను. అత్తగారు నన్ను చూసి, "వెళ్లవే, పిల్లని నేను చూసుకుంటాలే" అన్నారు. అడక్కుండానే అన్నారు. ఆ మాటకి నేనావిడ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

హాల్లో మామగారు అంత తొందరగా తేల్చలేదు. ఆయన ఏ విషయమైనా స్కూలు అసెంబ్లీలో చెప్పినట్టు నిదానంగా, అందరికీ వినపడేటట్టు చెబుతారు.

"చదువుకున్నందుకు ముందు ఇంటికి పనికి రావాలి కదండీ బావగారూ. వాకిట్లో చేపలు చస్తున్నాయి. జువాలజీ అంటే అదే కదా? ఈ నెలాఖరు ఆదివారం పెద్దోడి రొయ్యల పంటకి కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. పాస్టరు అయ్యగారొస్తారు, గుడంతా వస్తుంది. ఆ రోజుకి కొంగ నోట్లో ధార పడాలి. పడిందా, అమ్మాయిని నేనే దగ్గరుండి రైలెక్కిస్తాను."

"అలాగేనండి బావగారూ" అన్నాడు నాన్న. నన్నడగలేదు. అడిగితే నేనూ అదే అనేదాన్ని. పిచ్చిదాన్ని, అదొక పరీక్ష అనుకున్నాను. పరీక్షలంటే నాకు అప్పటికి భయం ఉండేది కాదు.

మర్నాడే చీర దోపి తొట్టి దగ్గర కూర్చున్నాను. ముందు మోటారు నుంచి వచ్చే గొట్టాన్ని డ్రమ్ము దగ్గర ఊడదీసి, మోటారు వేయించాను. నీళ్లు ఎగదన్ని వరండా మెట్ల దాకా పడ్డాయి. అంటే మోటారులో లోపం లేదు, వోల్టేజిలోనూ లేదు. కొంగ మెడలో గొట్టాన్ని విడిగా ఊడదీసి కుళాయి పెట్టి చూశాను, అదీ బాగానే ఉంది. ఇక మిగిలింది డ్రమ్ము. పట్టీ విప్పి మూత తీసి చూస్తే పీచు నిండా తెల్లటి బంక. వేళ్లతో పట్టుకుంటే జారిపోతోంది. పీచు తీసేస్తే కింద ఇసుక పైపొర ఆ బంకతో కలిసి అట్ట కట్టి ఉంది. గరిటె కాడతో పొడిస్తే పెచ్చులుగా లేచింది. పైనుంచి మోటారు ఎంత తోసినా ఆ పొరలోంచి నీళ్లు దిగడం లేదు. పెద్ద మోటారు పెట్టేసరికి అది ఇంకాస్త మడ్డిని లాగి ఇంకాస్త గట్టిగా అదిమింది, అంతే.

కాలవలు కట్టేసి మంచినీళ్ల చెరువు అడుగంటిన రోజులు. కుళాయి నీళ్లలోనే మడ్డి వస్తోందనుకున్నాను. పీచు పారేసి కొత్తది వేశాను. ఇసుకా కంకరా బుట్టలకెత్తి, తేట నీళ్లొచ్చేదాకా కడిగాను. నడుము పడిపోయింది, అరచేతులు గీసుకుపోయాయి. మళ్లీ అన్నీ పేర్చి మోటారు వేస్తే, కొంగ నోట్లోంచి నా మణికట్టంత ధార పడింది. మామగారు వరండాలోంచి కుర్చీ తెప్పించుకుని తొట్టి పక్కన కూర్చున్నారు. ఆయన కుర్చీ వేయించుకున్నారంటే అది మెచ్చుకోవడమే.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి మళ్లీ చొంగ.

మామగారు కొంగని చూసి, నన్ను చూసి, లోపలికి వెళ్లారు. నేను మళ్లీ డ్రమ్ము విప్పాను. అదే బంక. ఆదివారం వచ్చిన పిల్లలు తొట్టిలో రొట్టె ముక్కలు, బిస్కెట్లు విసరడం నేను చూశాను. వాటివల్లే అయ్యుంటుందనుకుని ఆ విసరడం మాన్పించాను. మోటారుని అడుగు నుంచి పైకెత్తి ఇటుక మీద పెట్టాను, మడ్డి లాగకుండా. డ్రమ్ముకీ కొంగకీ మధ్య బావగారి మేస్త్రి మూడు వంపులు తిప్పిన సన్న గొట్టం తీసేయించి, ఒకే వంపుతో లావు గొట్టం వేయించాను. సోమవారం నుంచి శనివారం దాకా ధార చూసుకుని మురిసిపోయాను. ఆదివారానికి మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి మామగారు అన్నారు కూడా: "బాపట్లలో పిల్లలకి కూడా ఇలాగే చెబుతావా అమ్మా?" గుడి వాళ్లంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, కొంచెంగా.

ఆ పై శనివారం సాయంత్రం నేను వరండాలో కూర్చుని, మర్నాటి కూరకి వెల్లుల్లి ఒలుస్తున్నాను. అత్తగారు మంచినీళ్ల గాబు దగ్గర పటిక తిప్పుతున్నారు. కృష్ణా కాలవ నీళ్లు తాగి పెరిగిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పటిక ముక్క పాత గుడ్డలో మూటకట్టి, నీళ్లలో ముంచి, చేత్తో గుండ్రంగా తిప్పి వదిలేస్తే మట్టంతా ముద్ద ముద్దలుగా కలిసి అడుక్కి దిగిపోతుంది. పైన తేట తీసుకుంటాం, అడుగు మడ్డి చెట్టు పాదుల్లో పోస్తాం. అది ఆ ఇళ్లలో ఆడవాళ్ల పని. ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు. అత్తగారు గాబులో తిప్పడం అయ్యాక, నీళ్లోడుతున్న ఆ మూటని అలాగే చేత్తో పట్టుకుని వాకిట్లోకి నడిచి, తొట్టి గట్టు మీద కూర్చుని, చేయి నీళ్లలోకి దించి నిమ్మళంగా తిప్పడం మొదలుపెట్టారు. చేపలు మేత అనుకుని ఆవిడ చేతి చుట్టూ చేరాయి.

వెల్లుల్లి చాట పక్కన పెట్టి పరిగెత్తాను.

"అత్తయ్యగారూ, ఏంటండి అది?"

"ఏముంది, పటిక. రేపు గుడయ్యాక అందరూ వస్తారుగా. నీళ్లు పచ్చగా ఉంటే చేపలేం కనపడతాయి? ఎండలకి నీళ్లు పచ్చబడ్డ దగ్గర్నుంచీ ప్రతి శనివారం తిప్పుతూనే ఉన్నాగా."

"మోటారు ఆపిస్తున్నారా మరి?"

"మోటారుకేం, దాని పాటికది తిరుగుద్ది."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గాబులో అయితే మడ్డి అడుగున కూర్చుంటుంది. ఇక్కడ కూర్చోబోయేసరికి మోటారు దాన్ని లాగి డ్రమ్ములో పోస్తుంది. అది పీచుకీ ఇసుకకీ బంకలా పట్టేస్తుంది. ఆదివారం పొద్దుటికి కొంగ గొంతు మూసుకుంటుంది. పైగా పటిక ఎక్కువైతే నీళ్లు చెడి చేపలకి మొప్పలు దెబ్బతింటాయి. ఇదంతా ఆవిడకి మెల్లగా, తప్పుపట్టినట్టు కాకుండా చెప్పాను. ఆవిడ మూట పైకి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. చీరంతా తడిసిపోయింది.

"అయితే ఆ ఎర్ర మచ్చల చేప..."

"ఏమోనండి, ఎండకి కూడా అయ్యుండొచ్చు."

"ఒసే అమ్మాయ్, మీ మావయ్యకి చెప్పమాక. పెద్దోడికి అసలు చెప్పమాక. ఆ చేప చావు నా నెత్తిన వేస్తారు. పదిమందిలో అంటారే, నేను పడలేను" అన్నారు. అంత పెద్ద ఇంటికి ఇల్లాలు, ఇద్దరు కొడుకులని పెంచినావిడ, ఒక చేప కోసం నన్ను బతిమాలుతున్నారు. చెప్పనన్నాను. మాటిచ్చాను.

ఆ వారమంతా మేమిద్దరం ఒకటయ్యాం. డ్రమ్ము మళ్లీ కడిగితే ఆవిడే నీళ్లు పోశారు. నేను రైలుకి కట్టుకునే చీరలేవో పెట్టెలోంచి తీయించి, రెండు గంజి పెట్టి ఇస్త్రీకి పంపారు. ధార ఆదివారం తగ్గలేదు. సోమవారం, మంగళవారం, తర్వాత కూడా తగ్గలేదు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మానేశాయి. మామగారు రోజూ పొద్దున్నే పేపరు పట్టుకుని కొంగ దగ్గరే కూర్చునేవారు. "ఏం చేశావమ్మా ఇంతకీ?" అని ఒకసారి అడిగారు. ఇసుక కడిగానండి, గొట్టం మార్పించానండి, మోటారు ఎత్తులో పెట్టానండి అన్నాను. అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన తలూపి, "అవన్నీ మెకానిక్కూ చేస్తాడు. నీ చేతిలో ఏదో ఉంది" అన్నారు. పొగడ్త అనుకుని సంతోషపడ్డాను.

కూడిక రోజు రానే వచ్చింది. వాకిట్లో షామియానా వేశారు. అయ్యగారు ప్రార్థన చేసి, రొయ్యల పంట కోసం, బావగారి కోసం, మామగారి ఆరోగ్యం కోసం దేవుడికి కృతజ్ఞతలు చెల్లించారు. పాటలయ్యాయి. జనమంతా తొట్టి చుట్టూ మూగి చేపల్ని చూశారు. మా నాన్న రేపల్లె నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ నా వంక చూసి కళ్లతోనే నవ్వుతున్నాడు. నేను కొంగ నోట్లో ధారని ఆయనకి చూపించాను. ఆ క్షణం నేను బాపట్లలో ఉన్నట్టే లెక్క.

భోజనాల దగ్గర గుడి పెద్ద ఒకాయన, "అమ్మాయి ఉద్యోగానికి వెళ్తుందటగా సార్?" అని అడిగారు.

మామగారు బిర్యానీ ముద్ద చేతిలో ఆపి, నిదానంగా, అందరికీ వినపడేటట్టు చెప్పారు. "ఇంకెక్కడి ఉద్యోగమండీ? చూశారుగా. మెకానిక్కుల వల్ల కాలేదు, పెద్దోడి వల్ల కాలేదు. అమ్మాయి చేయి పడింది, నీళ్లు పడ్డాయి. హస్తవాసి అది. దేవుడు ఒక్కొక్కళ్లకి ఒక్కో వరం, ఒక్కో తలాంతు ఇస్తాడు. రోజూ అది చూసుకోకపోతే ఈ చేపలు వారం బతుకుతాయా? బాపట్లకి వేరే మనిషి దొరుకుతారు. మాకెక్కడ దొరుకుతారు?"

అందరూ మెచ్చుకుంటూ నవ్వారు. ఎంత మంచి కోడలు దొరికిందని ఎవరో అన్నారు. బావగారు, "అంతేగా మరి" అన్నారు. నేను పెరుగు గిన్నె పట్టుకుని నిలబడి అత్తగారి వంక చూశాను. ఆవిడకొక్కదానికే తెలుసు. శనివారం పటిక తిప్పకుండా ఉంటే చాలు, నేనున్నా లేకపోయినా నీళ్లు పడతాయి. ఆవిడ ఆ ఒక్క మాట అననక్కర్లేదు, "నేను చూసుకుంటాలెండి తొట్టి" అంటే సరిపోయేది. ఆవిడ అయ్యగారి భార్య విస్తట్లో కూర వడ్డిస్తున్నారు. నిండిపోయినా వడ్డిస్తూనే ఉన్నారు.

నాకు కోపం వస్తే ఆగదు. ఆ రోజు ఆగితే ఇంకెప్పుడూ మాట్లాడే అవసరమే ఉండదని కూడా తెలుసు.

"నా చేతిలో ఏం లేదండి మావయ్యగారూ" అన్నాను. "తొట్టిలో పటిక వేస్తున్నారు. ఆ మడ్డి ఫిల్టరులో పేరుకుని నీళ్లు ఆగిపోయేవి. ఇప్పుడు వెయ్యడం లేదు, అందుకే పడుతున్నాయి. నెలకోసారి డ్రమ్ము కడిగితే చాలు. ఎవరైనా కడగొచ్చు."

"పటికా? ఎవరు వేశారు?" అన్నారు బావగారు.

నేను పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆ ఇంట్లో పటిక మూట ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలుసు. అత్తగారు గరిటె గిన్నెలో వదిలేసి, "నేనా? తొట్టిలోనా? నాకేం పనిలేదా?" అన్నారు. తర్వాత అయ్యగారి భార్యతో, కళ్లనీళ్లు పెట్టుకుని, "ఉద్యోగానికి పంపరేమోనని నన్నెందుకు లాగుద్దండీ ఇందులోకి? కూతురిలా చూసుకున్నానే" అన్నారు. బావగారు లేచి నిలబడ్డారు. "అంటే చేపని మా అమ్మ చంపిందంటావా?" అన్నారు. అయ్యగారు విస్తట్లోకి చూస్తున్నారు. మా ఆయన మజ్జిగ ఎవరికి అందలేదో చూడటానికి షామియానా అవతలి చివరికి వెళ్లారు.

నేను నాన్న వైపు చూశాను. ఆయన సగం భోజనంలో లేచి నిలబడి ఉన్నాడు. ఇప్పుడు మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడాడు. ఎంగిలి చేయి వెనక్కి పెట్టుకుని, వంగి, "తప్పయిపోయింది బావగారూ. పిల్ల తొందరపడి నోరు జారింది. అక్కయ్యగారూ, మీరు మనసులో పెట్టుకోమాకండి. ఉద్యోగం మాట ఇక ఎత్తదు. బాపట్ల వెళ్లి అది రాదని నేనే చెప్పేస్తాను" అన్నాడు.

"అదేంటి బావగారూ, పిల్లలన్నాక అంటారు. కూర్చోండి, భోంచెయ్యండి" అన్నారు మామగారు, ఎంతో పెద్దమనసుతో. నాన్న కూర్చుని భోంచేశాడు.

అత్తగారు ఆ తర్వాత ఎప్పుడూ తొట్టిలో పటిక తిప్పలేదు. అదే రుజువు. కాని దాన్ని రుజువుగా చూసే మనిషి ఆ ఇంట్లో లేరు. కొంగ నోట్లోంచి ధార ఏళ్ల తరబడి అలాగే పడింది. రొయ్యలకి తెగులొచ్చి బావగారి చెరువులు ఎండిపోయాక కూడా పడింది. మామగారు పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నా హస్తవాసి గురించి చెప్పారు. కాలేజీలో నా చోట చేరినావిడ చీరాల దగ్గర పేరాల అమ్మాయట, మంచి పేరు తెచ్చుకుందట. ఆవిడ మీద నాకేం కోపం లేదు. అత్తగారి మీద కోపం కూడా మెల్లగా పోయింది. ఆవిడ మంచాన పడ్డప్పుడు నేనే చేశాను. భయంతో అబద్ధమాడే మనుషుల్ని ఎంతకాలమని తిట్టుకుంటాం.

కూడిక జరిగిన ఆ ఆదివారం సాయంత్రం నాన్నని రైలెక్కించడానికి నేనే స్టేషనుకి వెళ్లాను. మామగారే పంపించారు. రేపల్లె బండి ఇంకా పెట్టలేదు. నాన్న బల్ల మీద కూర్చుని, అత్తగారు కట్టిచ్చిన బిర్యానీ పొట్లం ఒళ్లో పెట్టుకున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"అమ్మాయ్, నువ్వు చెప్పింది నిజమేనని నాకు తెలుసమ్మా" అన్నాడు. "పటిక అనగానే తెలిసింది. మనింట్లో మీ అమ్మ తిప్పితే అడుగున అలాగేగా బంకలా పేరుకునేది."

"తెలిసే అన్నావా?"

"అంతమందిలో ఏం చెయ్యమంటావమ్మా. నువ్వు ఆ ఇంట్లో ఉండాల్సినదానివి."

బండి వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, "వెళ్లొస్తా తల్లీ" అన్నాడు. నేను తలూపాను. నేను అబద్ధమాడానని నమ్మి భోజనాల దగ్గర ఆ మాట అనుంటే, ఆ సాయంత్రమే నాన్నని క్షమించేదాన్ని.